పక్కనే కూర్చున్నా ఆయనకే ఎందుకు పడుతున్నాయి? గాలం వేసే పెద్దాయన దగ్గర చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊరి చెరువు గట్టునా, నీళ్లున్న రోజుల్లో నరసాపురం కాలువ ఒడ్డునా ఒక పెద్దాయన పక్కన కూర్చుని రెండు నెలలుగా గాలం వేస్తున్నారు. ఎర ఒకటే, గాలం సైజు ఒకటే, ఇద్దరి మధ్యా ఐదారు బారల దూరం. ఆయనకి శీలావతులు, మోసులు లాంటి పెద్ద చేపలు పడుతున్నాయి, మీకు పక్కెలూ పరిగెలూ లాంటి చిన్నవి. అడిగితే "చూసి నేర్చుకో అబ్బాయ్" అంటున్నారు. ఏం చూడాలో మీకు అంతుబట్టడం లేదు. వెదురు కర్ర మార్చి కార్బన్ కర్ర కొనాలన్న ఆలోచన కూడా ఉంది.

ముందుగా ఒక మాట. ఆయన దాస్తున్నారని అనుకోకండి. నలభై, యాభై ఏళ్లు గాలం పట్టిన చేతికి తెలిసింది నోటితో చెప్పడం కష్టం. అడిగితే ఎర గురించి చెబుతారు, ఎందుకంటే మాటల్లో పెట్టగలిగింది అదొక్కటే. అందుకే కొత్తవాళ్లందరూ ఎర దగ్గరే ఆగిపోతారు. తేడా ఉన్నది ఎరలో కాదు, లోతులో. ఆ తర్వాత నీటి మీద తేలే బెండుకి తగ్గట్టు దారానికి కట్టిన సీసంలో, ఆ తర్వాత ఎత్తే క్షణంలో. ఎర నాలుగోది.

ఊరి చెరువు అడుగు పళ్లెంలా ఉండదు. పొలాలకీ, ఇళ్ల పునాదులకీ, గట్ల పోతకీ తరతరాలుగా అందులోంచి మట్టి తీశారు. ఒడ్డు నుంచి కొంత దూరం మోకాలి లోతు ఉండి, ఒక్కసారిగా నడుం లోతుకి, కొన్నిచోట్ల తల మునిగే లోతుకి దిగుతుంది. ఐదారు బారల దూరంలోనే రెండడుగుల తేడా రావడం మామూలు. ఆయన ఎర అడుగుకి వేలెడు పైన ఆడుతుంటే, మీ ఎర అదే కొలతతో అడుగుకి రెండడుగుల పైన గాలిలో దీపంలా వేలాడుతోంది. అక్కడ తిరిగేవి పక్కెలే. మీకు పక్కెలే పడుతున్నాయన్న మాటే దానికి సాక్ష్యం.

లోతు చూడటం ఇలా. 20-30 గ్రాముల సీసం ముక్కకి చిన్న తాడు ముడి వేసి, దాన్ని గాలం కొక్కేనికి తగిలించండి. బెండుని అంచనాగా ఐదడుగుల దగ్గర పెట్టి, మీరు ఎర వేయదలుచుకున్న చోట నిటారుగా దింపండి. బెండు మునిగిపోతే నీళ్లు ఇంకా లోతు, బెండుని జానెడు పైకి జరపండి. బెండు నీటి మీద పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. బెండు కొన మాత్రం నీటి అంచుకి సమానంగా నిలిచిన చోట, బెండు నుంచి కొక్కెం దాకా ఉన్నదే ఆ చోటి లోతు. దాన్ని కర్రకి పక్కన పెట్టి కొలిచి, కర్ర మీద రంగుదారం చుట్టి గుర్తు పెట్టుకోండి. ఇదే పని ఒడ్డుకి దగ్గరలో, కర్ర సగం దూరంలో, కర్ర కొస దూరంలో, కుడికి ఒక బార, ఎడమకి ఒక బార చేయండి. పావుగంట పడుతుంది. ఈ పావుగంట ఓపిక లేక ఏళ్ల తరబడి పరిగెలు పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీరు వెతుకుతున్నది లోతు ఎక్కువ ఉన్నచోటు కాదు, లోతు మారే చోటు. వాలు దిగి నేల మళ్లీ చదునయ్యే ఆ పాదం దగ్గర మేత జారి చేరుతుంది, చేప దాని వెంట తిరుగుతుంది. మీ పెద్దాయన ఎప్పుడూ ఒకే చోట కూర్చోవడానికి కారణం బహుశా ఇదే. ఆయన లోతు చూస్తున్నట్టు మీకు కనిపించదు, ఎందుకంటే ఆ అడుగు ఆయనకి కంఠతా వచ్చు. నీళ్లు తగ్గిన వేసవిలో ఆ చెరువు చుట్టూ ఒకసారి నడవండి. బయటపడ్డ గుంటలు, రాళ్లు, పాత తూము, మొద్దులు ఎక్కడున్నాయో ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. వానలకి నిండాక ఆ ఫొటోలే మీ పటం.

లోతు తెలిశాక ఎర ఎక్కడ నిలపాలన్నది చేప నోటిని బట్టి ఉంటుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున బురదలో ఏరుకుని తింటుంది. బంగారు తీగ అనే చేప కూడా అడుగునే తవ్వుతుంది. ఈ రెంటికీ ఎర నేల మీద ఆనాలి, దారం లోతు కంటే రెండు వేళ్లు ఎక్కువ ఉండాలి. శీలావతి మధ్య నీటిలో తిరుగుతుంది గానీ, మేత వేసిన చోట అడుగుకి దిగుతుంది. దానికి నేలకి వేలెడు నుంచి జానెడు పైన పెట్టి చూడాలి. బొచ్చె నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, పై నీళ్లలో సన్నటి మేతని నీటితో సహా పీల్చుకుంటుంది. నీళ్లు ఎనిమిదడుగులున్నా బొచ్చెకి ఎర రెండు నుంచి నాలుగడుగుల లోతులోనే ఉండాలి. పైగా దానికి గట్టి ఉండ పనికిరాదు, నీళ్లలో పొగలా విడిపోయే పొడి మేత కావాలి. బొచ్చె కోసం స్ప్రింగుకి పిండి అద్ది చుట్టూ నాలుగైదు చిన్న గాలాలు వదిలే పద్ధతి అందుకే వచ్చింది. మీరింకా కర్రా బెండూ దశలో ఉన్నారు కాబట్టి బొచ్చె జోలికి ఇప్పుడే వెళ్లకండి. శీలావతి, మోసు మీద చెయ్యి కుదిరాక చూడవచ్చు.

ఇక బెండు. నెమలి ఈక కాడ అయినా, జీలుగు బెండు అయినా, అంగట్లో కొన్న ప్లాస్టిక్‌ది అయినా సూత్రం ఒకటే. చేప ఎరని నోట్లోకి తీసుకున్నప్పుడు బెండు దానికి బరువు తగలకూడదు. మీ బెండులో సగం నీటి పైన తేలుతోందంటే అది చేపని వెనక్కి లాగుతోందన్నమాట. శీలావతి ఎరని నోట్లో పెట్టుకుని, ఏదో పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే క్షణంలో ఊసేస్తుంది. మీకు ఒకసారి టక్కున కదిలి ఆగిపోయినట్టు కనిపిస్తుంది అంతే. ఇంట్లో బకెట్టు నిండా నీళ్లు పోసి, చీలిక ఉన్న చిన్న సీసపు గుళ్లు ఒక్కొక్కటే దారానికి నొక్కుతూ చూడండి. వడ్లగింజంత కొస మాత్రమే పైన మిగిలేదాకా గుళ్లు వేయాలి. ఒక గుండు ఎక్కువై మునిగిపోతే చిన్నదానితో మార్చండి. గుళ్లను పళ్లతో నొక్కకండి. సీసం విషం, చిన్న పటకారు వాడండి.

గుళ్లు ఎక్కడ పెట్టాలన్నది నీటిని బట్టి. నిలవ నీటిలో ఎక్కువ బరువు బెండుకి దగ్గరగా, ఒక్క చిన్న గుండు మాత్రం కొక్కేనికి నాలుగు వేళ్ల పైన. అప్పుడు ఎర చివర్లో నెమ్మదిగా, సహజంగా దిగుతుంది. కాలువలో నీరు నడుస్తున్నప్పుడు ఇదే అమరిక పెడితే ప్రవాహం ఎరని పైకి ఎగదోస్తుంది, మీరు ఆరడుగులు అనుకున్నది నాలుగడుగుల్లో ఆడుతుంది. కాలువలో బరువంతా కిందికి, కొక్కేనికి మూరెడు పైన గుత్తిగా రావాలి. గాలి వీస్తుంటే ఇంకో జాగ్రత్త. కర్ర కొసకీ బెండుకీ మధ్య దారం నీటి మీద విల్లులా వంగి బెండుని ఈడ్చుకుపోతుంది. బెండు పడిన వెంటనే కర్ర కొసని జానెడు నీటిలో ముంచి, దారాన్ని లోపలికి దింపండి. పెద్దాయన ఈ పని చేస్తారో లేదో గమనించండి, కచ్చితంగా చేస్తూ ఉంటారు.

కర్ర విషయంలో మీకున్నది చాలు. 12 నుంచి 15 అడుగుల గట్టి వెదురు, లోపల బోలు తక్కువ ఉన్నది, నీడన ఆరబెట్టినది అయితే రెండు కిలోల చేపకి ధీమాగా పనిచేస్తుంది. ఒక్కటి మాత్రం మార్చండి. దారాన్ని కర్ర కొసకే కట్టి వదిలేయకండి. కర్ర మధ్యలో గట్టిగా కట్టి, అక్కడి నుంచి కొస దాకా ఐదారు చుట్లు చుట్టి, కొస దగ్గర మళ్లీ ముడి వేయాలి. పెద్ద చేప లాగి కొస విరిగినా, దారం మిగతా కర్రకి అంటుకునే ఉంటుంది. కొస నుంచి వేలాడే దారం కర్ర పొడవు కంటే మూరెడు తక్కువ ఉండాలి. ఎక్కువైతే చేప ఒడ్డుకి వచ్చాక చెయ్యి అందదు.

తంగూసు (నైలాన్) దారం పరిగెలకి 0.16-0.18 మిల్లీమీటర్లు, శీలావతి, మోసులకి 0.25-0.30, నాచూ మొద్దులూ ఉన్నచోట 0.35. అంతకంటే లావు వేస్తే బెండు సరిగ్గా నిలబడదు, ఎర కర్రపుల్లకి గుచ్చినట్టు ఉంటుంది. గాలాల నంబర్లు తిరకాసుగా ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. పరిగెలకి 12-14, శీలావతి, మోసులకి 6-8, కొర్రమీనుకి 1/0 నుంచి 3/0 (ఇలా పక్కన సున్నా ఉన్న సైజుల్లో మాత్రం నంబరు పెరిగితే గాలం పెద్దది). కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద మెల్లగా లాగి చూడండి. గీసుకుని ఆగితే పదును ఉన్నట్టు, జారితే మొద్దుబారినట్టు. జారే గాలం పారేయండి, ఒక గాలం ఖరీదు పోయిన చేపతో పోలిస్తే ఎంత.

ముడి బిగించే ముందు దాన్ని నోటి తడితో తడపాలి. పొడి తంగూసు బిగుసుకునేటప్పుడు రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే బలం పోతుంది. "దారం తెగింది" అనుకుంటారు గానీ, చివర వంకీలు తిరిగి ఉంటే తెగింది దారం కాదు, ముడి జారింది. దారాన్ని కొక్కెం కంట్లోంచి దూర్చి, ఐదారు చుట్లు తనమీదే చుట్టి, కొసని కంటి దగ్గరి మొదటి వలయంలోంచీ, మళ్లీ అప్పుడే ఏర్పడిన పెద్ద వలయంలోంచీ తీసి, తడిపి, మెల్లగా బిగించండి. ఇంకొకటి: చేప పడిన ప్రతిసారీ చివరి మూరెడు దారాన్ని రెండు గోళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే అక్కడి వరకు కత్తిరించి మళ్లీ కట్టండి. తంగూసుని ఎండ తినేస్తుంది. ఏడాదికోసారి మొత్తం దారం మార్చేయడమే మేలు.

మేత గురించి మీరు చేస్తున్న తప్పు మీ మాటల్లోనే ఉంది: "రాగానే అరకిలో తవుడు ముద్ద వేస్తాను" అన్నారు. అరకిలో మేత పడ్డాక చేపకి మీ శనగగింజంత ఎరతో పనేముంది? వేసవిలో అయితే మిగిలిన మేత అడుగున పులిసి, ఆ చోటికి చేప రావడమే మానేస్తుంది. పాళ్లు ఇవి. కిలో బియ్యపు తవుడు కమ్మటి వాసన వచ్చేదాకా పొడి మూకుడులో వేయించాలి, మాడకూడదు. పావుకిలో వేరుశనగ చెక్క మూడు నాలుగు గంటలు నానబెట్టి చిదిమి కలపాలి. చెరువుకైతే చేత్తో నొక్కితే నిలిచి, నీళ్లలో పడ్డాక ఒకటి రెండు నిమిషాల్లో విడిపోయేంత తడి చాలు. కాలువకైతే గట్టు మీది బంకమట్టి అందులో మూడో వంతు కలపండి, లేకపోతే ఉండ అడుగుకి చేరేలోపే విడిపోయి మేత దిగువకి కొట్టుకుపోతుంది, చేప కూడా దాని వెంటే పోతుంది.

మొదట నిమ్మకాయంత ఉండలు నాలుగు, ఒకే చోట, బెండు నిలిచే చోటే. కాలువలో అయితే బెండుకి బారెడు ఎగువన. తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలకి ఒక్క ఉండ. చేప వరసగా పడుతుంటే మేత ఆపకండి, పడ్డ ప్రతి చేప తర్వాత ఉసిరికాయంత వేయండి. పెద్దాయన చేతివైపు చూస్తే ఈ లయ కనబడుతుంది. ఆయన గురి కూడా చూడండి, ఉండలన్నీ ఒక చాటంత వైశాల్యంలో పడతాయి. నాలుగు దిక్కులా పడ్డ మేత చేపల్ని నాలుగు దిక్కులకి చెదరగొడుతుంది.

గాలానికి పెట్టే పిండి: గోధుమపిండి 200 గ్రాములు, వేయించిన వేరుశనగ పొడి 50, బియ్యప్పిండి 50. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డలో అరగంట చుట్టి ఉంచాలి. కాలువకైతే చిటికెడు దూది పోగులు అందులో కలిపి పిసికితే ప్రవాహానికి ఊడదు. 8వ నంబరు గాలానికి శనగగింజంత ఉండ చాలు. గాలం మొన పిండిలో కప్పబడి ఉండాలి గానీ, ఎత్తినప్పుడు మొన పిండిని చీల్చుకుని బయటికి రాగలిగేంత మెత్తగా ఉండాలి. గంట తర్వాత ఎండకి పిండి గట్టిపడుతుంది. అప్పుడు చేప లాగుతుంది, మీరు ఎత్తుతారు, గాలం పట్టదు. పిండి ఎప్పుడూ తడిగుడ్డలో, నీడలో ఉండాలి. పరిగెలు పిండిని నిలవనీయకపోతే పది పన్నెండు గంటలు నానబెట్టి, గింజ పగిలేదాకా ఉడికించిన గోధుమలు రెండు గుచ్చండి, లేదా ఉడికించిన శనగ ఒకటి. పరిగె నోటికి అవి పట్టవు.

జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలిన తొలి వారంలో, పెద్ద వాన తర్వాత, నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు పిండి దండగ. అప్పుడు ఎర్రలు పెట్టాలి, అంటే వానపాములే. బురద నీటిలో చేప వాసనతోనూ కదలికతోనూ వెతుకుతుంది. పశువుల పాక పక్కన పాత పెంట కింద తవ్వితే దొరుకుతాయి. అదే మట్టితో చిల్లులున్న డబ్బాలో, తడి గోనె కప్పి నీడన పెట్టండి. గుచ్చేటప్పుడు చివర అరంగుళం వదిలేయాలి, అది ఆడితేనే జెల్ల, వాలుగ, మోసు ముడతాయి. మొత్తం గుచ్చి ముద్ద చేస్తే సగం పని పోయినట్టే.

చేతుల వాసన నిజమైన విషయం. బండికి పెట్రోలు కొట్టించి, చుట్ట కాల్చి, సబ్బు చేత్తో పిండి పిసికితే జెల్లలూ మోసులూ పసిగడతాయి. పెద్దాయన కూర్చోగానే గట్టు మట్టితో చేతులు రుద్ది కడుక్కుంటారు చూడండి. అది అలవాటు కొద్దీ చేసే పని అనుకోకండి.

ఎప్పుడు వెళ్లాలి అంటే తెల్లవారుజామున అని అందరూ చెబుతారు. సగమే నిజం. వేసవిలో పచ్చగా, నాచుతో ఉన్న చెరువులో తెల్లవారుజామునే నీటిలో ప్రాణవాయువు అతి తక్కువ. రాత్రంతా మొక్కలూ చేపలూ దాన్ని వాడేస్తాయి, ఎండ వస్తేనే మళ్లీ తయారవుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ కనిపిస్తే అది మీకు అనుకూలం అనుకుంటారు. ఆ స్థితిలో అవి ఎర ముట్టవు. చెరువుల సాగు చేసేవాళ్లని అడగండి, చేప తేలిందంటే వాళ్లు మేత ఆపి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. అలాంటి రోజు ఎనిమిది, తొమ్మిదింటి దాకా ఆగండి. పారే కాలువకి ఈ బాధ లేదు, అక్కడ తెల్లవారుజాము మంచిదే. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు చల్లబడి చేప మందగిస్తుంది, పది నుంచి మూడింటి దాకా బాగుంటుంది. వేసవి సాయంత్రాల్లో గాలి ఏ ఒడ్డుకి కొడుతుందో ఆ ఒడ్డున కూర్చోండి. మేతా ప్రాణవాయువూ అటే చేరతాయి. గాలికి ఎదురుగా వేయడం కష్టమే, అయినా అదే చోటు.

చోటు ఎంపికలో రేవులకి సాటి లేదు. అన్నం గిన్నెలు కడిగే రేవు దగ్గర చేపకి మెతుకుల వేళ తెలుసు. ఆడవాళ్లు లేచి వెళ్లిన అరగంటకి ఆ పక్కన బెండు వేసి చూడండి. బట్టలుతికే రేవు మాత్రం వద్దు. కాలువలో తూము నోరు, పంట బోదె కలిసే చోటు, వంతెన స్తంభం వెనక నీరు నెమ్మదించే సుడి, ఇవి చూసుకోండి. బుడగల్ని కూడా చదవాలి. ఆవగింజంత సన్న బుడగలు గుంపుగా లేస్తూ, మెల్లగా చోటు మారుతుంటే అడుగున చేప తవ్వుతోంది. పెద్ద బుడగలు ఒకేచోట అప్పుడప్పుడూ లేస్తే అది కుళ్లిన ఆకుల గాలి.

గట్టు మీద మాటలకి చేప పెద్దగా బెదరదు, గాలిలోని శబ్దం నీటిలోకి దిగేది తక్కువ. అడుగుల అదురు మాత్రం నేల గుండా నేరుగా నీటికి చేరుతుంది. బరువు వస్తువులు ధబీమని పడేయడం, మడమలు కొడుతూ నడవడం మానండి. మీ నీడ నీటి మీద పడకుండా కూర్చోండి.

ఇప్పుడు అసలైన ఘట్టం, బెండు భాష. సన్నగా వణుకుతూ అక్కడే ఉంటే పరిగెలు, చెయ్యి కదపకండి. ఒకటి రెండు చిన్న తాకిళ్ల తర్వాత బెండు నెమ్మదిగా ఏటవాలుగా మునుగుతూ పక్కకి జారితే శీలావతి, జారడం మొదలైన క్షణమే ఎత్తాలి. బెండు మునగకుండా పైకి లేచి పడుకుంటే అది మోసు లేదా బంగారు తీగ. నేల మీది ఎరని ఎత్తి, దానితోపాటు చివరి గుండుని కూడా లేపింది, అందుకే బెండు తేలింది. చాలామంది "మునగలేదు కదా" అని ఇక్కడే వదిలేస్తారు. పడుకున్న వెంటనే ఎత్తండి. ఒక్కసారిగా గుటుక్కున మాయమైతే జెల్ల, అది ఎరని గొంతులోకి మింగేసి ఉంటుంది. తొందర లేదు. చీమ నడకలా పక్కకి జరుగుతూ, ఎత్తితే బరువుగా వచ్చి మధ్యలో వదిలేస్తే పీత, చోటు మార్చుకోవాలి. బరువుగా, విసురు లేకుండా బండరాయిలా వస్తే తాబేలు. చట్టం దాన్ని కాపాడుతోంది. దారాన్ని కొక్కేనికి వీలైనంత దగ్గరగా కత్తిరించి నీళ్లలో వదలండి.

ఎత్తడం అంటే భుజంతో విసరడం కాదు. మణికట్టుతో జానెడు, అంతే. శీలావతి పెదవులు మెత్తన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. గాలం పడ్డాక కర్రని నిటారుకి కొంచెం తక్కువగా నిలిపి, వంపు పోకుండా ఉంచండి. చేప పరిగెత్తే దిక్కుకి కర్రని అప్పగిస్తే వంపు పోయి దారం ఒక్క ఊపులో తెగుతుంది. దాన్ని పక్కకి తిప్పండి, ఎదురు లాగకండి. రెండు మూడు పరుగుల తర్వాత తల నీటి పైకి ఎత్తితే గాలి మింగి మెత్తబడుతుంది. అప్పుడు చేతి వలని ముందే నీటిలో ముంచి ఉంచి, చేపని దాని మీదికి తల వైపు నుంచి తీసుకురావాలి. వలతో చేపని వెంటాడితే మిగిలేది దారమే. పట్టినవాటిని చిక్కంలో వేసి నీడన నీటిలో ఉంచండి. ఎండలో సంచిలో పెట్టిన చేప రెండు గంటల్లో మెత్తబడుతుంది.

కొర్రమీను వేరే ఆట, పైవేవీ దానికి వర్తించవు. అది గుర్రపుడెక్క, తామరాకు, తూటికాడ అంచుల్లో ఉంటుంది, పైకి వచ్చి గాలి పీల్చినప్పుడు గుబుక్కుమన్న శబ్దం, ఒక వలయం కనిపిస్తాయి. అక్కడికి బారెడు అవతల బతికిన పక్కెనో, రబ్బరు కప్పనో వేసి ఆకు మీదుగా ఆగి ఆగి లాక్కురావాలి. కప్ప మీద నీళ్లు ఎగిసిపడగానే లాగేవాళ్లకి కొర్రమీను దక్కదు. మొదటి దెబ్బకి అది ఎరని పట్టి కిందికి తిరుగుతుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, చేతికి బరువు తగిలాక గట్టిగా ఎత్తాలి. ఇక్కడ మెతకతనం పనికిరాదు. 0.40కి తక్కువ కాని దారం వేసి, నాచులోకి దూరకముందే బయటికి తెచ్చేయాలి. వానల ముందు నుంచి, వానల్లోనూ నారింజ ఎరుపు రంగు పిల్లలు బంతిలా గుంపుగా తేలుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నాయన్నమాట. ఆ సమయంలో అవి దేన్నయినా కొడతాయి, పట్టడం చాలా తేలిక. పట్టకూడదు. అవి పోతే ఆ బంతి మొత్తాన్ని మిగతా చేపలు ఒక్కపూటలో తినేస్తాయి. మీ పెద్దాయన ఆ బంతి చూసి గాలం తీసి పక్కకి వెళ్లిపోతే, దాని అర్థం ఇదే.

ముళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. జెల్లకి వీపు మీదా, రెండు రెక్కలకీ నిలబడే ముళ్లుంటాయి. ఇంగిలాయి చేప రెక్క ముల్లు విషపుది, గుచ్చుకుంటే చెయ్యంతా మంట పాకుతుంది. ఈ రెంటినీ చేత్తో పట్టవద్దు, గుడ్డతో నొక్కి, పొడవు ముక్కు పటకారుతో గాలం తీయండి. గుచ్చుకుంటే గాయం కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. వేడిని ముందు గుచ్చుకోని చేత్తో చూసుకోండి, నొప్పిలో ఉన్న చేతికి కాలుతున్నది తెలియదు. ముల్లు లోపల విరిగినా, వాపు పెరిగినా ఆసుపత్రికి వెళ్లాలి, ధనుర్వాతం టీకా సంగతి కూడా చూసుకోవాలి.

దానికంటే పెద్ద ప్రమాదం నెత్తిమీద ఉంటుంది. కాలువ గట్ల వెంట కరెంటు తీగలు వెళ్తాయి. మీరు కొనాలనుకుంటున్న కార్బన్ కర్ర కరెంటుని లాగుతుంది, తడిసిన వెదురు కూడా అంతే. కూర్చునే ముందు తల ఎత్తి చూడండి. తీగ కింద ఎప్పుడూ వేయకండి, దాని కిందుగా నడిచేటప్పుడు కర్ర అడ్డంగా, కిందికి పట్టుకోండి. ఉరుము వినపడితే కర్ర కింద పెట్టి నీళ్లకి దూరంగా వెళ్లండి. లాకుల దిగువన చేప బాగా ఉంటుంది, కానీ గేట్లు ఎత్తితే నీరు నిమిషాల్లో పెరుగుతుంది, అక్కడి రాళ్ల మీద నాచు జారుడు. ఒంటరిగా అక్కడికి వద్దు.

అనుమతి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఊరి చెరువుల్లో చాలావాటిలో చేప హక్కు మత్స్యకారుల సహకార సంఘానిదో, వేలం పాట పాడుకున్నవాళ్లదో. చేప పిల్లల్ని వదిలింది, మేత ఖర్చు పెట్టింది వాళ్లు. పెద్దాయనకి వాళ్లతో ఏళ్ల మాట ఉండవచ్చు, ఆ మాట మీకు వర్తించదు. సంఘం వాళ్లని కలిసి అడగండి, కర్ర గాలానికి చాలాచోట్ల కాదనరు. మంచినీళ్ల చెరువుల్లో, సాగు చెరువుల్లో అసలు వేయకండి. కొల్లేరు అభయారణ్యం, అక్కడి నిబంధనలు వేరు. నీళ్లలో విషపు మందు కలిపి, టపాకాయలు పేల్చి పట్టడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. అలా పట్టేవాళ్లు కనిపిస్తే ఆ నీళ్ల దగ్గర కూర్చోకండి.

అరకిలో లోపు శీలావతిని, బొచ్చెని వెనక్కి వదిలేయండి. పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేతికి ఒంటి మీది జిగురు ఊడి ఆ చేపకి పుండు పడుతుంది. గాలం లోపలికి మింగి ఉంటే లాగకుండా దారం కత్తిరించి, నీటిలో వీపు పైకి ఉండేలా పట్టుకుని, అది తనంతట తాను తోక ఆడించి వెళ్లేదాకా ఆగండి.

రేపు వెళ్లినప్పుడు ఎర మార్చకండి, చోటు మార్చకండి. సీసం ముక్క తీసుకెళ్లి మీ చోటి లోతు చూడండి, ఎర నేలకి ఆనేలా దారం పెంచండి, బెండు వడ్లగింజంత మిగిలేలా గుళ్లు వేయండి, నిమ్మకాయంత ఉండలు నాలుగే వేయండి. బెండు లేచి పడుకోగానే ఎత్తండి. నాలుగు పూటలు చూసి, ఏ పూట ఎంత లోతులో ఏ చేప ముట్టిందో, నీళ్ల రంగు ఏమిటో రాసుకుని ఇక్కడ పెడితే, మీ చెరువుకి తగ్గట్టు మిగతావి సరిచేసుకుందాం.